అక్క గొంతు, రెండు డబ్బాలు

పోయిన వారం హనుమకొండలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. మా అబ్బాయికి టీవీ కింద పెట్టుకునే స్పీకరు కావాలట. టీవీకి నోరు లేదా అని అడిగితే, ఉంది గానీ నాన్నా, అది గోడకు తిరిగి మాట్లాడుతుంది అన్నాడు. మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లందరూ అంతే కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు. దుకాణంలో గోడ నిండా స్పీకర్లు. వాటి ముందు నీలం చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి, చేతిలో పలకంత ఫోను. పాట ఆగకుండానే వేలితో ఇటు ఒకసారి, అటు ఒకసారి నొక్కుతూ, "అంకుల్, ఇది ఏ. ఇది బీ. ఏది బాగుంది?" అంటోంది. మూడు క్షణాలు ఏ, మూడు క్షణాలు బీ. మా అబ్బాయి బీ అన్నాడు. ఆ అమ్మాయి ముఖం వెలిగింది, బీ ఖరీదు ఎక్కువ. నేను, "బిడ్డా, రెండూ ఇంటికి తీస్కపోయి నెల రోజులు ఇని చెప్తా" అన్నాను. ఆమె నవ్వింది. నా బతుకులో నేను నిజం చెప్పిన సందర్భాలు నాలుగో అయిదో ఉంటాయి, ప్రతిసారీ జనం నవ్వారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మోకాళ్ల నొప్పి అని మావాడికి చెప్పాను. మోకాళ్లకు ఏమీ కాలేదు.

నేను ఏడో తరగతి వరకు చదివాను. వరకు అంటే ఆ తరగతి గుమ్మం వరకు. లోపల లెక్కల సారు ఉన్నాడని బయటి నుంచే దండం పెట్టి వచ్చేశాను. వరంగల్ చౌరస్తా పక్క గల్లీలో ఒక రేడియో రిపేరు దుకాణంలో చేరి, ముందు స్టూళ్లు తుడిచి, తర్వాత వైర్లు అతికి, చివరికి పక్కా మెకానిక్కునయ్యాను. దుకాణం సేటు దగ్గర నేర్చుకున్న మొదటి విద్య స్విచ్చు విద్య. మేడ మెట్ల దగ్గర, కింద వేసి పైన ఆర్పడానికి పెట్టే టూ వే స్విచ్చు ఉంటుంది కదా, దాన్ని రెండు రేడియోల మధ్య బిగించేవాడు. కొనడానికి వచ్చినవాడి ముందు టక్కున ఇది, టక్కున అది. అమ్మాలనుకున్నదానికి సౌండు వెంట్రుకవాసి ఎక్కువ పెట్టేవాడు. జనానికి అది ఎక్కువ సౌండని తెలియదు, మంచి సౌండని అనిపిస్తుంది. "మనిషి చెవికి తెలివి లేదురా, తొందర ఉన్నది" అనేవాడు సేటు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే పదేళ్లపాటు అందరి దగ్గరా నా మాటలా చెప్పుకున్నాను.

అమ్మానాన్నలు నా చిన్నప్పుడే పోయారు. నన్ను పెంచింది అక్క. పెళ్లయి వరంగల్‌లోని కొత్తవాడకు వస్తూ పెట్టెతో పాటు నన్నూ తెచ్చుకుంది. ఆ ఇంటి ముందు గదిలో జంపఖానాలు నేసే మగ్గం, గదిలో సగం మగ్గమే. దాని ముందు పలక మీద బావ, అక్క పక్కపక్కన కూర్చునేవారు. దారాన్ని ఇటు నుంచి ఆయన, అటు నుంచి ఆమె పంపుకుంటూ, ఇద్దరూ పంజాలతో కొట్టేవారు. పంజా అంటే ఇనుప పళ్లున్న చేయి లాంటిది. దారం కిందికి దిగి గట్టిపడాలంటే దాంతో కొట్టాలి. కొడితే ముందు ధన్ అని, ఆ వెంటనే పళ్లు వణికి చిన్నగా ఛిల్ అని వినిపిస్తుంది. వీధి పొడుగునా ప్రతి ఇంట్లో అదే చప్పుడు. బావ రోజుకు పది మాటలు మాట్లాడేవాడు, అందులో ఆరు దారం రంగుల పేర్లు. మిగతా ఇంటికి సరిపడా మాటలు అక్క మాట్లాడేది. నేను మధ్యాహ్నం తిండికి వచ్చి ఒక గంటసేపు ఆమెను ఉడికించి, తిట్లు తిని, అన్నం తిని వెళ్లేవాణ్ని. రెండిట్లో దేంతో కడుపు నిండేదో ఇప్పుడు చెప్పలేను.

ఎమర్జెన్సీ పోయిన తర్వాతి సంవత్సరాల మాట. మా వైపు నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు సెలవులకు వస్తూ భుజాన క్యాసెట్టు మిషన్లు తగిలించుకుని దిగుతున్న రోజులు. రఘునాథపల్లి నుంచి ఒకాయన అలాంటిది రిపేరుకు ఇచ్చాడు. బాగుచేశాక పరీక్షించాలి కదా, అక్క ఇంటికి తీసుకువెళ్లి గోడ గూట్లో పసుపు కుంకుమ డబ్బాల వెనక దాచి, రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆ రోజు బావ నూలు తేవడానికి పోయాడు. అక్క ఒక్కతే కొడుతోంది, తిడుతోంది. "ఏడు సదువకపోతివి, పెండ్లి జేసుకోకపోతివి, రేడియోల కడుపులు కోసి ఏం దేవులాడుతాన్నవురా? అండ్ల మనుషులు దొరుకుతాండ్రా?" అంటే, "దొరికితే నీకో మంచి మొగన్ని తెస్త" అన్నాను. పంజా ఆగింది. తర్వాత ఆమె నవ్వు. అలా ఒక వైపు మొత్తం, అర గంట. ఆ టేపు మీద సినిమా పాటలు ఎక్కించుకుందామని చాలాసార్లు అనుకున్నాను. బద్ధకం వల్ల ఎక్కించలేదు. నా బద్ధకం చేసిన ఒకే ఒక మంచి పని అదని తర్వాత చాలా రోజులు అనుకున్నాను.

అక్క ఒక వానాకాలం పోయింది. పసిరికలు, అంటే పచ్చకామెర్లు. ఆకు పసరు పోయించాం, తర్వాత దవాఖానకు తీసుకుపోయాం. తొమ్మిది రోజులు. ఆమెకు పిల్లలు లేరు. ఇంట్లో బావ, ఆయన తల్లి మిగిలారు. ఆమెను నేను అత్తమ్మ అని పిలిచేవాణ్ని. దీని గురించి ఇంతకన్నా రాయడం నాకు చేతకాదు.

నెలమాసికం అయిన మర్నాడు బావ దుకాణానికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గడప అవతలే నిలబడి, "బామ్మర్ది, మీ అక్క మాట నీ దగ్గర ఉన్నదటగద" అన్నాడు. ఒక్కసారిగా అన్ని మాటలు ఆయన నోట వినడం నాకు అదే మొదలు. సాయంత్రం టేపు పట్టుకుని, దుకాణంలో దొరికిన చిన్న మిషను చంకలో పెట్టుకుని వెళ్లాను. అత్తమ్మ మాత్రం, "సచ్చినోళ్లను పిలువకుండ్రి బిడ్డా, వాళ్లు రారు, మనమే పోతం" అని చెప్పి పక్కింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా మేము టేపు పెట్టిన ప్రతిసారీ అంతే, కర్ర అందుకుని బయటికి నడిచేది. మేమిద్దరం విన్నాం. చిన్న మిషను, అరచేతి స్పీకరు. అక్క మాట గరగరమంటూ వచ్చింది. బావ చాలాసేపు తల వంచుకుని విని, "రేకు డబ్బల పడ్డట్టున్నదిరా. బయటికి తియ్యి" అన్నాడు.

బయటికి తియ్యి. ఆ మాట నన్ను పట్టుకుంది. రిపేరు చేయడం తప్ప నాకు వేరే విద్య రాదు. అక్క పోవడం కూడా ఒక రిపేరు పనిలా నా ముందుకు వచ్చేసరికి, నిజం చెబుతున్నాను, ప్రాణం లేచి వచ్చింది. మళ్లీ నవ్వాను, మళ్లీ పిచ్చి జోకులు వేశాను. ముందు టేపుకు ఒక నకలు తీశాను, అరిగిపోతుందని భయం. తర్వాత రెండు డబ్బాలు మోసుకెళ్లాను. ఒకటి పాత చెక్క వాల్వు రేడియో. వెనక వైరు గుచ్చితే టేపు పాట దాని గొంతుతో వస్తుంది. రెండోది నేనే కట్టిన ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు, దానికో బాక్సు, అందులో పెద్ద స్పీకరు మీద చిన్న స్పీకరు. రెండింటి మధ్య సేటు విద్య, టూ వే స్విచ్చు. ఈసారి సౌండు ఎక్కువ తక్కువలు లేకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని సమానం చేశాను.

టక్. వాల్వు రేడియోలో అక్క నిదానంగా, కడుపులోంచి, కొంచెం జలుబు చేసినట్టు. టక్. బాక్సులో అక్క పదునుగా, ప్రతి 'స' విసనకర్రలా విసురుతూ. టక్, టక్. ఒకటి విన్నాక రెండోది తప్పనిపించేది. ఆ రెండోది విని మొదటిదానికి వస్తే అదీ తప్పనిపించేది. ఏది తప్పో స్విచ్చు బ్రహ్మాండంగా చెబుతోంది, ఏది ఒప్పో చెప్పడం లేదు. ముప్పై సార్లు నొక్కాక బావ నా చేయి పట్టుకున్నాడు. "ఆపు. గిట్ల తెల్వదు. అంగట్ల జంపఖాన ఏదైన మంచిగనే ఉంటది. ఇంట్ల పరిచి నెల రోజులు దాని మీద పండుకుంటె అప్పుడు ఎరుకైతది. దీనితోని కూడ బతకాలె" అన్నాడు. నేతగాడి మాట. తీసిపారేయడానికి లేదు. వాల్వు రేడియో, చిన్న మిషను, అసలు టేపు ఆయన దగ్గర ఉంచాను. బాక్సు, నకలు టేపు, ఇంకో మిషను దుకాణం దగ్గర నేను అద్దెకున్న గదికి తెచ్చుకున్నాను. ఒక నెల గడువు.

ఆ నెల నేను బాగా బతికాను. పొద్దున్నే చాయ్ పెట్టుకుని అక్కను పెట్టేవాణ్ని. ఆమె తిట్టేది, నేను గోడకు ఆనుకుని జవాబు చెప్పేవాణ్ని, టేపులో లేని కొత్త జవాబులు కూడా. మొదటి వారం ఆ 'స'లు చెవికి గుచ్చుకునేవి. రెండో వారం గుచ్చుకోలేదు. మూడో వారానికి అక్క మాట్లాడినప్పుడు అట్లాగే ఉండేదని గుర్తుకు వచ్చింది. గుర్తుకు వచ్చింది అంటున్నాను చూడండి. అప్పుడు నేను అట్లాగే అనుకున్నాను. కొత్తవాడలో బావ మగ్గం పలక మీద తన సగంలో తాను కూర్చుని, ఖాళీగా ఉన్న సగం వైపు రేడియో పెట్టుకుని, రోజంతా ఆమెను వింటూ నేశాడట. అరగంటకోసారి లేచి టేపు వెనక్కి తిప్పడం, మళ్లీ కూర్చోవడం. అత్తమ్మ పగలంతా పక్కింట్లోనే గడిపిందట. ఆ నెల నేసినవాటిలో పోగు తప్పలేదని పక్కింటివాళ్లు చెప్పారు.

గడువు రోజున బాక్సు మోసుకుని వెళ్లాను. గుమ్మంలోనే బావ నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆయన పళ్లు చూసి ఎన్నాళ్లయిందో. "ఇదే బామ్మర్ది. దొరికింది. ఇదే మీ అక్క" అంటూ రేడియో పెట్టాడు. విన్నాను. ఎవరో ఒక పెద్దావిడ, మెడకు మఫ్లరు చుట్టుకున్నట్టు, లోపలెక్కడి నుంచో మాట్లాడుతోంది. నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. "బావా, ఇది కాదు. ఇదిగో ఇను" అని మధ్యలో మళ్లీ స్విచ్చు బిగించి నా బాక్సు తగిలించాను. బావ ముఖం ముడుచుకుపోయింది.

"ఈమె ఎవలురా?"

"ఎవలంటవేంది? అక్క."

"పిట్ట లెక్క గీ కీసు గొంతుదా? పద్దెనిమిదేండ్లు పక్కన కూసున్న మనిషిని నేను."

"కండ్లు దెరిచినకాన్నుంచి ఇన్నోన్ని నేను."

"ఏం ఇన్నవు? తిండికచ్చి నాలుగు పరాష్కాలాడి పోయెటోనివి."

"నువ్వు ఇన్నవా? దారం, దారం అనుడు తప్ప ఎన్నడన్న ఆమె తోని మాట్లాడినవా?"

అంతవరకు వచ్చాక ఆపాల్సింది నేనే, నాకు నోరు ఎక్కువ. ఆపలేదు. ఆమె మంచాన పడ్డాక బావ దవాఖానకు మూడు రోజులు ఆలస్యం చేశాడన్నాను. ఆయన స్విచ్చు దగ్గరికి వచ్చి తన రేడియో వైపు నొక్కి, పంజా అందుకుని నేత మొదలుపెట్టాడు. నేను బాక్సు భుజాన వేసుకుని వచ్చేశాను. ఆ మూడు రోజులూ ఆకు పసరు పోయించింది ఇద్దరం కలిసే అని దారిలో గుర్తుకు వచ్చింది. వెనక్కి తిరగలేదు.

ఇరవై రోజులు మాటల్లేవు. ఆ ఇరవై రోజుల్లో నాకు భయం పట్టుకుంది. ఇద్దరికీ ఆమె ప్రాణమే, ఇద్దరమూ నెల రోజులు చెవులప్పగించి విన్నాం, ఇద్దరిలో ఒకడు తప్పు. ఆ ఒకడు నేనైతే? నా గదిలో రోజూ పొద్దున్నే నన్ను తిడుతున్నది ఎవరు? అప్పుడొక రోజు దుకాణంలో పని చేస్తూ చేస్తూ ఒక సంగతి తట్టింది. టేపులో అక్క మాట వెనక పంజా చప్పుడు ఉంది. ధన్, ఛిల్. అక్క పోయింది గానీ పంజా పోలేదు. అదే పంజా, అదే మగ్గం, అదే గది. గొంతును పట్టుకోవాలని చూడటం వల్ల కదా ఈ కొట్లాట. గొంతు సంగతి వదిలేసి, టేపులో పంజా అసలు పంజాలా వినిపించేదాకా ఆంప్లిఫయరు మీది బిరడాలు తిప్పితే? ధన్ కుదిరిందంటే కింది స్వరం కుదిరినట్టు, ఛిల్ కుదిరిందంటే పై స్వరం కుదిరినట్టు. మధ్యలో ఉన్న అక్క ఎక్కడికి పోతుంది? ఏడో తరగతి గుమ్మం దాటనివాడికి ఇంత తెలివి ఎక్కడిదని నన్ను నేనే మెచ్చుకుని, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా కొత్తవాడ పరుగెత్తాను. బావ మొత్తం విని, ఆనాటి పది మాటల్లో ఒకటి ఖర్చు పెట్టాడు. "అమాస" అన్నాడు.

అమావాస్య నాడు మగ్గం ముట్టరు. వీధి మొత్తానికి అదే సెలవు. మిగతా రోజుల్లో ఇరుగుపొరుగు మగ్గాల చప్పుడులో మన పంజా ఏదో ఎదుటి పంజా ఏదో తెలియదు. అమాస మధ్యాహ్నం కొత్తవాడ అంత నిశ్శబ్దంగా ఉంటుందని నేను ఆ రోజే గమనించాను. సందు చివర ఎవరో బిందె దించితే వినిపించింది. ఆరోజు పక్కింటివాళ్లు ఊరికి వెళ్లడంతో అత్తమ్మకు పోవడానికి చోటు లేక, బయట అరుగు మీద వీధి వైపు తిరిగి కూర్చుంది. బావ మగ్గానికి దండం పెట్టి అక్క పంజా చేతిలోకి తీసుకున్నాడు. ఆమెలాగే కొడతానన్నాడు, ఆ చేతి విసురు తన భుజానికి తెలుసన్నాడు. నేను బాక్సు ముందు, బిరడాల మీద చేతులు.

బావ ఒక్క దెబ్బ కొట్టాడు. ధన్, ఛిల్. బయటి నుంచి వెంటనే కేక. "అమాస నాడు మగ్గం వట్టినవా కొడుకా! నీ తాత ముత్తాతలల్ల ఎవలన్న వట్టిండ్రా?"

"నేస్తలేనమ్మా. సప్పుడు జేస్తాన్న."

"సప్పుడేందిరా, మతి వోయిందా?"

నేను టేపును మాటలు లేని, ఒట్టి పంజా దెబ్బలున్న చోటికి తిప్పి పెట్టాను. పంజా చప్పుడు వచ్చింది. బయట అత్తమ్మ కిక్కురుమనలేదు. ఆమె లెక్కలో అది మగ్గం కాదు, డబ్బా. ఆ ముసలావిడ చెవులు పిల్లి చెవులు. నాకు కావలసిన తీర్పరి దొరికింది. ఆమెకు చెప్పకుండానే ఆమెను తీర్పరిని చేశాను. బావ కొడితే తిట్టు. టేపు కొడితే మౌనం. నా బాక్సులో ఛిల్ ఎక్కువ, తగ్గించాను. ధన్ తక్కువ, పెంచాను. మళ్లీ బావ, మళ్లీ తిట్టు. మళ్లీ టేపు, మళ్లీ మౌనం. బాక్సును గోడ నుంచి జానెడు ముందుకు జరిపాను. అక్క కూర్చునే ఎత్తుకు పీట వేసి ఎత్తాను. ఎన్నిసార్లు తిప్పానో. చమట కారుతోంది. బావ పంజా పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు, అలసిపోయి. నేను ఇంకొక్కసారి వెంట్రుకవాసి తిప్పి టేపు పెట్టాను.

ధన్, ఛిల్.

"మల్ల కొడుతాన్నవా! చెప్తే ఇనవా నువ్వు!" అంది బయటి నుంచి అత్తమ్మ.

బావ చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాయి. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. దొరికింది. టేపు ఆపలేదు, అట్లాగే పోనిచ్చాను. రెండు దెబ్బలు, మూడు దెబ్బలు. ఆ చోట టేపులో అక్క అత్తమ్మను పిలుస్తుంది. పంజా ఆగింది. "ఓ అత్తా! పొయ్యి మీద పాలు పొంగుతాన్నయేమో, జర సూడుండ్రి!"

ఆ గొంతు నాకు తెలియదు. ఆ మాట ఎట్లా రాయాలో తెలియక ఇట్లా రాస్తున్నాను. బొంగురూ కాదు, పదునూ కాదు, వీధిలో నీళ్లకు వచ్చిన ఎవరో ఒక ఆడమనిషి గొంతు. నా అక్క కాదు. బావ వైపు చూశాను. ఆయన కూడా తలుపు దగ్గరికి ఎవరో కొత్త మనిషి వస్తే చూసినట్టు బాక్సు వైపు చూస్తున్నాడు. కుదరలేదు, ఎక్కడో తప్పు పోయిందని చెప్పడానికి నోరు తెరిచాను.

"వస్తన్న, వస్తన్ననే" అంటూ అత్తమ్మ లోపలికి వచ్చింది. గోడ పట్టుకుని, మా ఇద్దరి మధ్య నుంచి, మా ముఖాలైనా చూడకుండా, వంటింట్లోకి నడిచింది. తొందరగా, పాలు పొంగితే నడిచే నడక. పొయ్యి ముందు ఆగింది. పొయ్యి చల్లగా ఉంది. దాని మీద ఏమీ లేదు. గిన్నె కోసం చాచిన చేయి అట్లాగే కాసేపు ఉండిపోయింది. టేపులో అక్క, "ముసల్ది యాడికి వోయిందో" అని తనలో తాను నవ్వుకుంది. నేను ఆపేశాను.

చాలాసేపటికి అత్తమ్మ వెనక్కి వచ్చింది. మమ్మల్ని తిట్టలేదు. మగ్గం పలక అంచున కూర్చుని, "గట్లనే పిలిచేది" అంది.

బావ మెల్లగా అడిగాడు. "గట్లనే పిలిచేదా అమ్మా?"

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. "నీకు యాదికి లేదారా?"

ఆ ఇంట్లో టేపు ఎన్నడూ వినని ఒకే ఒక మనిషి చెవుల్లో అక్క ఉన్నది ఉన్నట్టు ఉంది. రోజూ విన్న మేమిద్దరం రెండు డబ్బాలను పట్టుకుని, ఆ డబ్బాల కోసం కొట్లాడుకుని, దవాఖాన మాట దాకా వెళ్లాం. అక్క నిజంగా వచ్చి పిలిస్తే ఇద్దరం ఎవరమ్మా నువ్వు అన్నట్టు చూశాం.

అయినా నాలో రిపేరువాడు ఊరుకోడు కదా. మర్నాడు పొద్దున్నే వెళ్లి బావతో అన్నాను, బిరడాలు కదిలించవద్దు, బాక్సు ఇక్కడే ఉంచుతాను, ఇదే అక్క అని తేలింది కాబట్టి ఎనిమిది రోజులు విను, అలవాటవుతుంది అని. బావ నా వైపు చూడకుండా దారం ముడి వేస్తూ విన్నాడు. తర్వాత ఆయన మాట్లాడింది నేను మరిచిపోలేదు.

"అలవాటైతది బామ్మర్ది. నాకు ఆ రేడియో గొంతు అలవాటు కాలేదా? నీకు నీ డబ్బ కాలేదా? రేపు ఇంకోటి దెస్తే దానికీ అయితది. మీ అక్క అని ఎవలను తెచ్చి పక్కన కూసోవెట్టినా నెల రోజులకు అలవాటైతది. గదే నా భయం. తీస్కపో."

తీసుకుపోయాను. రేడియో, బాక్సు, స్విచ్చు, అన్నీ దుకాణంలో ఒక్కో గిరాకీకి వెళ్లిపోయాయి. బావ మగ్గం మీద ఒక్కడే రెండు సగాలూ నేయడం నేర్చుకున్నాడు. మేమిద్దరం ఆ తర్వాత మంచిగానే ఉన్నాం. ఆయన చేతిలో చాయ్ తాగాను, నా పెళ్లికి ఆయనే పెద్దగా నిలబడ్డాడు. కానీ అక్క మాట మా మధ్య రాలేదు. వస్తే ఎవరి అక్క, ఎవరి పెండ్లాం అన్న లెక్క వస్తుంది. అత్తమ్మను అడిగితే చెప్పేది. ఇది కాదు బిడ్డా, ఇంకొంచెం ఇట్లా అని, ఏ బిరడా ఎంత తిప్పాలో కూడా చెప్పేదేమో. మేము అడగలేదు. సిగ్గు. ఇంకో రెండేళ్లకు ఒక ఎండాకాలం ఆమె కూడా పోయింది. దినాలన్నీ అయ్యాక బావ రెండోసారి, ఆఖరిసారి, దుకాణం గడప ముందుకు వచ్చాడు. నేను ఎవరిదో ట్రాన్సిస్టరు విప్పి కూర్చున్నాను. "ఇగ అడుగుదామంటె ఎవ్వలు లేరు" అని చెప్పి వెళ్లిపోయాడు.

బావ పోయి కూడా చాలా ఏళ్లయింది. టేపు నా దగ్గరే ఉంది. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, ఇంట్లో ఎవరూ లేని పూట, దొరికిన మిషనులో పెట్టుకుని వింటాను. ఒక్కో మిషనులో ఒక్కో మనిషి. ఎవరో ఒకావిడ ఎవరో ఒక తమ్ముణ్ని, ఏడు కూడా చదవలేదని, పెళ్లి చేసుకోలేదని తిడుతూ ఉంటుంది. ఆ తమ్ముడు నేనేనని తెలుసు, ఆమె ఎవరో మాత్రం నమ్మాలంతే. కాలం మనిషిని తీసుకుపోయిన రోజు ఏదో అందరికీ తెలుస్తుంది, ఊరంతా వచ్చి ఏడుస్తుంది. ఆ మనిషి గొంతును మన చెవుల్లోంచి తీసుకుపోయిన రోజు ఏదో ఎవరికీ తెలియదు, ఆ రోజు కూడా మనం మామూలుగానే అన్నం తిని పడుకుని ఉంటాం.